మంచుచలిలో దూరదర్శిని దర్పణాలు

ఖమ్మం నుండి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వైపు పోయేకొద్దీ పొలాలు పలచబడి టేకు చెట్లు చిక్కనవుతాయి. ఈ అడవి అంచు పల్లెలలో, రబ్బరు చక్రాలు రాకముందు, ఎడ్లబండి చక్రానికి పట్టా ఎక్కించడం ఒక పెద్ద పని. వడ్రంగి కుండ, ఆకులు, పూటీలు కూర్చి కర్రచక్రం సిద్ధం చేసేవాడు. కమ్మరి దాని చుట్టుకొలత తీసుకుని, ఇనుప పట్టాను కావాలనే కొంచెం తక్కువ పొడవున కోసి అతికేవాడు. చల్లగా ఉన్నప్పుడు ఆ పట్టా చక్రానికి ఎక్కదు. చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది. పటకారులతో పట్టి చక్రానికి తొడిగి వెంటనే నీళ్లు గుమ్మరిస్తే, బుసలు కొడుతూ కుంచించుకుపోయి కర్రను గట్టిగా బిగించి పట్టుకుంటుంది.

దీని లెక్క సులభం. ఒకటిన్నర మీటరు వ్యాసం గల చక్రానికి పట్టా పొడవు సుమారు 470 సెంటీమీటర్లు. ఇనుము ఒక్క డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పదిలక్షల వంతులలో 12 వంతులు పెరుగుతుంది. 500 డిగ్రీలు వేడెక్కితే ఆ పట్టా దాదాపు 28 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారితే అంతే తగ్గుతుంది. రెండంగుళాలకైనా చాలని ఈ తేడాయే ధాన్యపు బస్తాలు మోసే చక్రాన్ని ఏళ్ల తరబడి వదులు కాకుండా ఉంచుతుంది. కమ్మరికి చుట్టమైన ఈ సంకోచం దూరదర్శినులు కట్టే ఇంజనీరుకు మాత్రం పగవాడు. ఆ పగవాణ్ణి ఎట్లా లొంగదీసుకుంటారో చెప్పడానికి తెలుగునాట తయారైన ఒక మహాయంత్రమే చక్కని ఉదాహరణ.

కొత్తగూడెం ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం వింత కాదు. హైదరాబాదులో అంత తీవ్రత లేకపోయినా 40 డిగ్రీలు తప్పవు. అట్టి హైదరాబాదులో, చలికాలపు రాత్రి సున్నాకు దిగువన 30 డిగ్రీలకు చేరగల లడఖ్ పీఠభూమి కోసం ఒక దూరదర్శిని నిర్మాణమయింది. దాని పూర్తి పేరు మేజర్ అట్మాస్ఫెరిక్ చెరెంకోవ్ ఎక్స్‌పెరిమెంట్. పొడి అక్షరాలలో మేస్. రూపకల్పన భాభా అణు పరిశోధన కేంద్రానిది. నిర్మాణంలో చేయి కలిపినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యాన వెలసిన ఇ.సి.ఐ.ఎల్. భాగాలన్నింటినీ ముందు హైదరాబాదులోనే కూర్చి పరీక్షించి, మళ్లీ విడదీసి, 2014లో లారీలకెత్తి లడఖ్‌లోని హాన్లేకు పంపారు. అక్కడ తిరిగి నిలబెట్టిన యంత్రం 2021లో తొలి వెలుగును చూసింది. 2024 అక్టోబరు 4న దానిని లాంఛనంగా ప్రారంభించారు.

హాన్లేలో మేస్ ఉన్న చోటు సముద్రమట్టానికి 4270 మీటర్ల ఎత్తున ఉన్నది. దూరదర్శిని బరువు సుమారు 180 టన్నులు. దానికి గుమ్మటం లేదు, గది లేదు. 27 మీటర్ల వ్యాసం గల వలయాకారపు పట్టాల మీద ఆరు చక్రాలతో తిరుగుతూ ఆరుబయట ఎండకు, మంచుకు, గాలికి నిలిచి ఉంటుంది. దాని దర్పణం అడ్డుకొలత 21 మీటర్లు. అంత పెద్ద అద్దాన్ని ఒకే ముక్కగా పోతపోయడం ఎవరి తరమూ కాదు కనుక 356 పలకలుగా చేశారు. ఒక్కొక్క పలక ఇంచుమించు మీటరు చదరం. ఒక్కొక్క పలకపై నాలుగేసి చిన్న దర్పణాలు. మొత్తం 1424. ఇవి గాజువి కావు. అల్యూమినియంతో చేసి, వజ్రపు మొనతో తరిణె పట్టి నునుపు తేల్చినవి.

ఇంత యంత్రం దేనికోసం? దూరపు నక్షత్ర శిథిలాల నుండి, నీహారికల నుండి వచ్చే గామా కిరణాలు భూమిని చేరవు. వాయుమండలం పైపొరలలోనే అణువులను ఢీకొని కణాల జల్లుగా మారిపోతాయి. ఆ కణాలు గాలిలో కాంతి పోగలిగే వేగాన్ని మించి పరుగెత్తుతాయి. శూన్యంలో కాంతిని మించినది లేదన్న నియమానికి ఇది భంగం కాదు. గాలిలో కాంతి కొంచెం మందగిస్తుంది, కణాలు మందగించవు. అట్లా పరుగెత్తేటప్పుడు నీలికాంతి వెలువడుతుందని 1934లో రష్యన్ శాస్త్రజ్ఞుడు చెరెంకోవ్ ప్రకటించాడు. ఫ్రాంక్, టామ్ అనే సిద్ధాంతవేత్తలతో పాటు 1958లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ మెరుపు నిలిచేది సెకనులో వందకోట్లవ వంతులు కొన్ని మాత్రమే. కంటికి కనిపించదు.

భద్రాచలం అడవుల మీది ఆకాశంలోనూ ఈ మెరుపులు రాత్రింబవళ్లు కురుస్తూనే ఉంటాయి. అయినా దూరదర్శినిని ఇక్కడ నిలపడానికి వీలులేదు. గోదావరి ఒడ్డున భద్రాచలం సముద్రమట్టానికి కొద్ది పదుల మీటర్ల ఎత్తులోనే ఉన్నది. ఇక్కడి వానకాలపు మబ్బులు, గాలిలోని తేమ, ధూళి ఆ సన్నని నీలికాంతిని మింగివేస్తాయి. హాన్లే ఎత్తుకు చేరేసరికి వాయుమండలపు బరువులో సుమారు ఐదింట రెండు వంతులు కాళ్ల కిందికి పోతుంది. పైగా గాలి పొడి, రాత్రి చీకటి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఖమ్మం, భద్రాచలం మీదుగా సాగినప్పుడు ఈ సీమకూ ఖగోళశాస్త్రంలో కొద్ది నిమిషాల చోటు దక్కింది. ఆనాడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్‌-రంగాపురం వేధశాల కూడా నీడదారిలోనే ఉన్నది. కాని గ్రహణం మనవద్దకు వస్తుంది. గామా కిరణాల కోసం మనమే కొండెక్కాలి. కొండెక్కితే చలి తప్పదు.

ఇక దర్పణాల సంగతి. మేస్ నాభ్యంతరం 25 మీటర్లు. అంటే దర్పణాల నుండి 25 మీటర్ల దూరంలో, నాభివద్ద, ఒక కెమెరా ఉన్నది. అందులో 1088 కాంతి గుణకాలు పక్కపక్కన తేనెపట్టులోని గదులవలె అమర్చి ఉన్నాయి. ఒక్కొక్క గది ఆకాశంలో డిగ్రీలో ఎనిమిదవ వంతును చూస్తుంది. 25 మీటర్ల దూరంలో ఇది సుమారు 55 మిల్లీమీటర్ల వెడల్పు. 356 పలకలూ ఒకే నక్షత్రపు వెలుగును ఒకే గదిలో పడవేయాలి. ఒక పలక వాలిపోతే దాని వెలుగు పక్కగదిలో పడుతుంది. వంద పలకలు తలా ఒక వైపు చూస్తే బొమ్మ చెదిరి అసలు మెరుపేదో, ఆకాశపు సహజమైన మిణుకేదో తెలియకుండా పోతుంది.

పలక ఎంత వాలితే ప్రమాదం? అద్దం ఒక కోణం తిరిగితే దానిపై పడి మరలే కిరణం రెండింతలు తిరుగుతుంది. వెలుగుచుక్క గదిలో ఐదవ వంతు, అంటే 11 మిల్లీమీటర్లు తప్పుకుందనుకుందాం. 25 మీటర్ల దూరానికి అది ఎంత కోణమో చూచి, అందులో సగం తీసుకుని, పలక వెడల్పుతో గుణిస్తే 0.2 మిల్లీమీటరు వస్తుంది. మీటరు చదరపు పలకకు ఒక అంచున పోస్టుకార్డు మందమంత తేడా వచ్చినా చాలు, వెలుగు గది అంచుకు జరుగుతుంది. దానిని గది నడుమనే నిలపాలంటే అందులో పదవ వంతు, అనగా 0.02 మిల్లీమీటరు వరకు అదుపు ఉండాలి.

ఈ తేడాలు రావడానికి కారణాలకు కరువు లేదు. దూరదర్శిని దిగంతం నుండి నడినెత్తికి తిరిగేటప్పుడు ఆ ఉక్కు బుట్ట తన బరువుకే కొంచెం వంగుతుంది. పగలు ఎండ ఒక పక్క కాస్తుంది. రాత్రి చలి అన్ని పక్కలా కొరుకుతుంది. అందుచేత పలకలను బోల్టులతో ఒక్కసారి బిగించి వదిలివేయడం కుదరదు. ఒక్కొక్క పలకను వెనుకనుండి మూడుచోట్ల పట్టి ఉంచుతారు. ఒక ఆధారం స్థిరం. తక్కిన రెండింటి దగ్గరా పలకను ముందుకూ వెనుకకూ జరిపే చిన్న మోటారు యంత్రాలు ఉంటాయి. వీటిని ఇంజనీర్లు యాక్చుయేటర్లు అంటారు; తెలుగులో చాలకాలు అందాం. పలకకు రెండు చొప్పున 712 చాలకాలు. ఏదైనా ఒక ప్రకాశవంతమైన నక్షత్రం వైపు చూస్తూ ఒక్కొక్క పలక వేసే వెలుగుచుక్కను దాని చోటికి నెట్టడం ఇట్టి దూరదర్శినులలో సాధారణమైన పద్ధతి.

చాలకం లోపల వింతేమీ లేదు. ఒక విద్యున్మోటారు, దాని వేగాన్ని తగ్గించే పళ్లచక్రాలు, ఒక స్క్రూ, దానిపై జరిగే నట్టు, ఎంత జరిగిందో చెప్పే స్థానసూచిక. అడుగులు అడుగులుగా తిరిగే మోటారు ఉన్నది. దానికి చుట్టుకు 200 అడుగులు. స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్టు ఒక మిల్లీమీటరు ముందుకు పోతుందనుకుంటే, మోటారు ఒక అడుగుకు నట్టు జరిగేది 0.005 మిల్లీమీటరు. మధ్యలో యాభయింటికొక చుట్టు తిరిగే పళ్లచక్రాలు పెడితే ఆ దూరం మరి యాభై వంతులు తగ్గుతుంది. కాగితంమీద ఇంత సులువు. స్క్రూకు ఇంకొక సుగుణం ఉన్నది: సన్నని మరలు గల స్క్రూను నట్టు వెనక్కి తిప్పలేదు. కరెంటు తీసివేసినా పలక ఉన్నచోటనే నిలుస్తుంది.

అయితే నట్టుకూ స్క్రూకూ మధ్య రవ్వంత వదులు లేకుంటే అవి తిరగనే తిరగవు. ఆ వదులు వల్ల దిశ మార్చినప్పుడల్లా మోటారు కొంతసేపు ఊరకే తిరుగుతుంది, పలక కదలదు. దీనికి విరుగుడు రెండు విధాలు. ఒక స్ప్రింగుతో నట్టును ఎల్లప్పుడూ ఒకే పక్కకు నొక్కి ఉంచడం ఒకటి. ఏ చోటికి పోవాలన్నా చివరి అడుగులు ఎప్పుడూ ఒకే దిశనుండి వేయడం రెండవది.

ఈ వదులు దగ్గరే చలి చేతివాటం చూపుతుంది. ఉక్కు బేరింగును అల్యూమినియపు గూటిలో కూర్చడం యంత్రాలలో సర్వసాధారణం. అల్యూమినియం తేలిక కదా. బేరింగు వ్యాసం 40 మిల్లీమీటర్లనుకుందాం. హైదరాబాదులో 40 డిగ్రీల మధ్యాహ్నం కూర్చారు. హాన్లేలో సున్నాకు దిగువ 30 డిగ్రీల రాత్రి పనిచేయాలి. తేడా 70 డిగ్రీలు. ఉక్కు డిగ్రీకి పదిలక్షల వంతులలో 12 వంతులు తగ్గితే అల్యూమినియం 23 వంతులు తగ్గుతుంది. బేరింగు వ్యాసంలో 0.034 మిల్లీమీటరు తగ్గుతుంది, గూడు 0.064 తగ్గుతుంది. అంటే గూడు బేరింగును 0.03 మిల్లీమీటరు మేర నొక్కుతుంది. బేరింగు గుండ్ల మధ్య ఉండే వదులు దాదాపు 0.01 నుండి 0.02 మిల్లీమీటరు మాత్రమే. అదీ పోతుంది, గుండ్లు పట్టేస్తాయి, మోటారు మూలుగుతూ ఆగిపోతుంది. బండి చక్రంపై పట్టా బిగిసినట్లే అల్యూమినియం ఉక్కును బిగించింది. తేడా అల్లా, అక్కడ అది కమ్మరి కోరుకున్నది, ఇక్కడ ఎవరూ కోరనిది.

కాబట్టి చలిదేశపు యంత్రానికి లోహాల ఎంపికే సగం పని. తిరిగే భాగమూ దానిని పట్టిన గూడూ ఒకే లోహంతో చేస్తే రెండూ సమానంగా తగ్గుతాయి, వదులు మారదు. అది కుదరనిచోట ఇన్వార్ వంటి మిశ్రమలోహాన్ని వాడుతారు. ఇనుములో వందకు 36 పాళ్లు నికెలు కలిపితే వచ్చే ఈ లోహం ఉక్కులో పదవ వంతు మాత్రమే సాగుతుంది. 1896లో దీనిని కనుగొన్న గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇన్వార్ బరువు, ఖరీదు రెండూ ఎక్కువే. 712 చాలకాలకు ఇన్వార్ వాడతామంటే ఖజానా ఒప్పుకోదు. ఆలోచించి చూస్తే లోహం మార్చడంకంటె అమరిక మార్చడమే తెలివైన పని అనిపిస్తుంది. పలక వెనుకనున్న మూడు ఆధారాలూ ఒకే పొడవు, ఒకే లోహం అయితే చలికి మూడూ సమానంగా కుంచించుకుపోతాయి. పలక మొత్తంగా వెంట్రుకవాసి వెనక్కి పోతుందే కాని వాలదు. 25 మీటర్ల నాభ్యంతరంలో వెంట్రుకవాసి లెక్కలోనిది కాదు.

రెండవ చిక్కు కందెన. బండి ఇరుసుకు ఆముదం, మసి కలిపి కందెన పెట్టడం తెలిసిందే. తలకు రాసుకునే కొబ్బరినూనె చలికాలంలో సీసాలో గడ్డకట్టడమూ తెలిసిందే. దానికి హాన్లే అక్కరలేదు, ఖమ్మంలో జనవరి తెల్లవారుజాము చాలు. గ్రీజు కూడా నూనెయే, సబ్బువంటి పదార్థంలో పట్టి ఉంచిన నూనె. మామూలు గ్రీజు సున్నాకు దిగువ 30 డిగ్రీలవద్ద మైనంలాగా బిరుసెక్కుతుంది. చిన్న మోటారు బలమంతా ఆ మైనాన్ని కలపడానికే చాలదు. అందుకోసం చలిలోనూ పలుచగా ఉండే కృత్రిమ నూనెలతో గ్రీజు చేస్తారు. మోటారును హైదరాబాదు వేడిలో పరీక్షించి సరిగా తిరిగిందని సంతోషించడం చాలదు. చలిపెట్టెలో గంటల తరబడి ఉంచి, నిలిచిన మోటారు మొదటి కదలికకు ఎంత బలం తీసుకుంటుందో చూడాలి.

తీగల మీది ప్లాస్టిక్ తొడుగు చలికి పెళుసై విరుగుతుంది. రబ్బరు వలయాలు రాయిలా గట్టిపడి నీటిని ఆపలేకపోతాయి. లోపలికి చేరిన రవ్వంత తేమ రాత్రి మంచుగా మారి మరలను పట్టేస్తుంది. ఇవన్నీ చిన్న విషయాలే కాని, యంత్రాలు ఆగిపోయేది ఎక్కువగా ఇటువంటివాటి వల్లనే. హాన్లేలో ఊపిరికి దొరికే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికేదానిలో ఇంచుమించు ఐదింట మూడు వంతులు. అటువంటిచోట, చలిగాలిలో, చేతితొడుగులతో ఇరవై మీటర్ల ఎత్తు బుట్టపైకి ఎక్కి ఒక మోటారును విప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చు. తొడుగు విప్పితే లోహం వేళ్లకు అంటుకుంటుంది. అయినా మనిషి అక్కడికి పోగలడు. చెడినదాన్ని మార్చగలడు.

మేస్ కోరే నైపుణ్యం మిల్లీమీటరులో వందవ వంతుల వరకే. గామా కిరణపు మెరుపుకు అంతకంటె అక్కరలేదు. నక్షత్రాల అసలు బొమ్మలు తీసే దూరదర్శినుల సంగతి వేరు. అక్కడ పలకల మధ్య ఎగుడుదిగుడు కాంతి తరంగదైర్ఘ్యంలో చిన్న భాగాన్ని మించరాదు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. పచ్చని వెలుగు తరంగదైర్ఘ్యం 550 నానోమీటర్లు. కనుక చాలకాలు కొద్ది నానోమీటర్ల అడుగు వేయగలిగి ఉండాలి. హవాయి దీవిలోని కెక్ దూరదర్శినిలో 36 పలకలతో ఈ పద్ధతి నిజమేనని 1990ల ఆరంభంలో రుజువయింది. ఆ దారిలోనే 30 మీటర్ల దూరదర్శిని ఒకటి కట్టాలని పలు దేశాలు సంకల్పించాయి. భారతదేశం 2014లో అందులో భాగస్వామి అయింది. దానికి 492 పలకలు, పలకకు మూడేసి చొప్పున 1476 చాలకాలు. ఈ చాలకాలను సమకూర్చే భారం భారతదేశం తీసుకున్నది. వాటిలో లౌడుస్పీకరులో ఉండే తీగచుట్టవంటిది అయస్కాంతం మధ్య తేలుతూ పలకను నడుపుతుంది. రాపిడి లేదు, వదులు లేదు. కాని ఆ కొండను పవిత్రంగా భావించే స్థానిక ప్రజల అభ్యంతరాలు, ధనాభావం కారణంగా 2025 వరకు కూడా నిర్మాణం ఆరంభం కాలేదు.

నానోమీటర్ల లోకంలో చలి కంటె చలిలోని మార్పే ఎక్కువ బాధిస్తుంది. పది సెంటీమీటర్ల అల్యూమినియపు కడ్డీ డిగ్రీలో వందవ వంతు చల్లబడినా 23 నానోమీటర్లు తగ్గుతుంది. మోటారు తిరిగితే పుట్టే వెచ్చదనమే అంత మార్పు తేగలదు. అందుకే అతిశీతలపు చాలకాన్ని నిర్మించేవారు బలమైన మోటారు కోరరు. తక్కువ వేడిచేసే మోటారు కోరుతారు.

ఈ విద్య పరాకాష్ఠకు చేరినది జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శినిలో. 2021 డిసెంబరు 25న అది భూమిని వదిలి, 15 లక్షల కిలోమీటర్ల దూరానికి పోయింది. ఎండ తగలకుండా అయిదు పొరల గొడుగు పట్టుకుని ఉండటంచేత దాని దర్పణాలు సున్నాకు దిగువ 230 డిగ్రీల ప్రాంతంలో ఉన్నాయి. 18 పలకలు, అన్నీ బెరీలియం లోహంతో చేసి బంగారు పూత పూసినవి. ఒక్కొక్క పలకను అన్ని దిక్కులా కదపడానికి ఆరు చాలకాలు, దాని వంపును సరిచేయడానికి ఏడవది. ఎదురుగానున్న చిన్న దర్పణానికి మరి ఆరు. వెరసి 132. ఒక్కటి పట్టేసినా బాగుచేయడానికి పోయే మనిషి లేడు.

అంత చలిలో నూనె, గ్రీజు అన్న మాటే లేదు. అవి రాయి అవుతాయి. ఖమ్మం ప్రాంతపు పాత శిలలలోనూ దొరికే గ్రాఫైటు పొడి జారుడు పదార్థమే కాని శూన్యంలో పనికిరాదు. దాని పొరలు జారడానికి గాలిలోని తేమ కొంత అవసరం. రెండవ ప్రపంచయుద్ధంలో బాగా ఎత్తున ఎగిరిన విమానాల జనరేటర్లలో కార్బన్ బ్రష్షులు చూస్తుండగా పొడిపొడి అయిపోయినప్పుడు ఈ రహస్యం బయటపడింది. శూన్యంలో పనికివచ్చేది మాలిబ్డినం డైసల్ఫైడు అనే నల్లని పొడి. దాని పొరలు తేమ లేకుండానే జారుతాయి. దానిని లోహంపై పలుచని పూతగా వేస్తారు.

ఈ చాలకానికి పెట్టిన షరతు మరీ విడ్డూరమైనది. రాకెట్టు అదుర్లకు తట్టుకునేందుకు పలకలను గట్టిగా ఆనించి బిగించి పంపారు. అక్కడినుండి ఒక సెంటీమీటరుకు పైగా ముందుకు తేవాలి. ఆపైన అదే యంత్రం 10 నానోమీటర్లకు లోపు అడుగులు వేయాలి. రెండు మోటార్లు పెడితే బరువు, తీగలు, ప్రమాదం అన్నీ రెట్టింపు. అమెరికాలోని బాల్ ఏరోస్పేస్ ఇంజనీర్లు ఒకే మోటారుతో రెండు పనులూ చేయించారు. మోటారు నుండి పెద్ద స్క్రూకు పోయే కూడలిలో వారు కావాలనే వదులు ఉంచారు. పలుపుతాడు వదులుగా ఉన్న లేగదూడ కొన్ని అడుగులు స్వేచ్ఛగా వేసి, తాడు బిగిసిన తరువాతనే గుంజను లాగుతుంది. అదే విధంగా మోటారు తిరగగానే మొదట సూక్ష్మభాగం ఒక్కటే కదులుతుంది. వదులు అయిపోయాకనే స్క్రూ తిరుగుతుంది. స్క్రూతో దగ్గరకు తెచ్చి, మోటారును వెనక్కి తిప్పితే స్క్రూ కదలకుండా సూక్ష్మభాగం ఒక్కటే పనిచేస్తుంది. తక్కిన యంత్రాలలో రోగమైన వదులును ఇక్కడ మందుగా వాడారు. యంత్రనిర్మాణంలో ఇంతకంటె ముచ్చటైన ఎత్తుగడ అరుదు.

ఆ సూక్ష్మభాగంలో జారేవి, దొర్లేవి వీలైనంత తక్కువ. కేంద్రం తప్పించి అమర్చిన బేరింగు తిరిగి, వంగే సన్నని లోహపు కాళ్లను నెడుతుంది. భద్రాచలం అడవులలోని కోయల వెదురు విల్లును చూస్తే దీని సూత్రం తెలుస్తుంది. నారిని జానెడు లాగితే విల్లు కొన వంగేది తక్కువ, పిడికిలి దగ్గర వంగేది మరీ తక్కువ. లోహపు కాళ్లను లెక్కప్రకారం మలిస్తే పెద్ద కదలికను ఎన్నో రెట్లు చిన్నదిగా మార్చవచ్చు. వంగేదానికి రాపిడి లేదు, కందెన అక్కరలేదు. విద్యుత్తు ఇస్తే సాగే పీజో స్ఫటికాలు ఇంకా సులువు కదా అనవచ్చు. కాని గడ్డకట్టే చలిలో వాటి సాగుదల బాగా తగ్గుతుంది; పైగా విద్యుత్తు తీస్తే ఉన్నచోట నిలవవు. ఈ యంత్రం నిలుస్తుంది.

ఇక బండిచక్రం కమ్మరి చేసిన పనినే అద్దాలు నునుపు చేసినవారూ చేశారు. గది వేడిమి నుండి అంత చలికి దిగితే 1.32 మీటర్ల బెరీలియం పలక ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా కుంచించుకుపోతుంది. అన్ని వైపులా సమానంగా తగ్గితే చింత లేదు. లోపలి ఒత్తిళ్ల వల్ల కొద్దిగా వంకర పోతుంది. కనుక పలకలను అమెరికాలోని హంట్స్‌విల్ చలిగదిలో ఉంచి ఆ వంకరను కొలిచారు. తరువాత మామూలు వేడిమిలో దానికి సరిగ్గా వ్యతిరేకమైన వంకరను నునుపులో చెక్కారు. వెచ్చగా ఉన్నప్పుడు తప్పుగా ఉన్న అద్దం చలిలో ఒప్పయింది. మరొక మేలు కూడా ఉన్నది. ఆ చలిలో బెరీలియం సాగడం, తగ్గడం దాదాపు ఆగిపోతుంది. ఒక డిగ్రీ అటూఇటూ అయినా పలక చలించదు. పగవాడు అంత దూరం పోయేసరికి అలసిపోయాడన్నమాట.

2022 జనవరిలో పలకలను వాటి పట్లనుండి లేపారు. ఒక్కొక్కటి 12.5 మిల్లీమీటర్లు జరగాలి. వేడి పుట్టకుండా ఒకసారికి ఒకే మోటారు, అదీ కొద్దిసేపే తిప్పారు. అందుచేత రోజుకు మిల్లీమీటరు చొప్పున ఆ ప్రయాణానికి పదిరోజులు పట్టింది. రెండు పలకల స్థానసూచికలు వేరుగా లెక్క చెప్పేవి కావడంతో వాటిని విడిగా, మరింత జాగ్రత్తగా తెచ్చారు. తరువాత సప్తర్షి మండలంలోని ఒక నక్షత్రం వైపు తిప్పితే ఒక్క నక్షత్రానికి బదులు పద్దెనిమిది చుక్కలు చెల్లాచెదురుగా కనిపించాయి. ఏ చుక్క ఏ పలకదో ఒక్కొక్కదాన్ని కదిపి తెలుసుకున్నారు. మార్చి నెలకు పద్దెనిమిదీ ఒక్కటయ్యాయి.

అదే సంవత్సరం మేలో ఇసుకరేణువంత ఉల్కాకణం ఒకటి సి-3 అనే పలకను తాకి గుంటపెట్టింది. ఆ పలక వెనుక చాలకాలను కదిపి దాని వంపును, వాలును మార్చి దోషంలో కొంత భాగాన్ని రద్దు చేశారు. గుంట మిగిలి ఉన్నది. ఆ తరువాత ఉల్కాకణాలు ఎక్కువగా ఎదురయ్యే దిక్కుకు అద్దం ముఖం తిప్పి ఉంచే గంటలను తగ్గించారు. పలకలు తమ చోటు తప్పాయా అని కొద్దిరోజులకొకసారి కొలిచి చూస్తారు. తప్పినవాటిని ఆ చాలకాలే నానోమీటర్ల లెక్కన వెనక్కి తెస్తాయి.